రెండు పొయ్యిల ఇల్లు

గౌలిపురా, హైదరాబాదు
9 మే 1939

చిన్నక్కా,

మీ ఇంట్లో ఒక తప్పు జరుగుతున్నది. చేస్తున్నది మన బాపు, బీరయ్య. పేరు పెట్టి చెప్పడానికి నాకు జంకు లేదు. చేసినవాడు తండ్రి అయినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు.

అమ్మ పెద్దక్క చేత వ్రాయించిన కార్డు నిన్న వచ్చింది. రైలు సుఖంగా చేరిందనీ, కూనూరులో చలి ఎముకలు కొరుకుతున్నదనీ, మనుమరాలు సుగుణ తాతను వదలడం లేదనీ ఉంది. ఆ కింద, అదేమీ విశేషం కానట్టు, ఇట్లా ఉంది: "గంజి పడి రుక్మ ఎడమ చెయ్యి కాలింది. ఆండాలు ఇవతలికి వచ్చి రుక్మ పొయ్యి మీద వండి పెడుతున్నది. మేము ఇక్కడనే తింటున్నము. ఆండాలు తట్టు ఇంకా ఏమీ ముట్టలేదు."

కార్డు రెండుసార్లు చదివాను. ఒకే రేకుల కప్పు. నడుమ సగం గోడ. అటు శివయ్య బావ, రుక్మ పెద్దక్క. ఇటు అంజన్ బావ, నువ్వు. అన్నదమ్ములిద్దరికీ అక్కచెల్లెళ్ళనిద్దరినీ ఇచ్చిన రోజు బాపు ఏమన్నాడో నాకు ఇంకా గుర్తే: ఇద్దరు బిడ్డలను ఒక్క ఇంట్లనే చూసుకోవచ్చునన్నాడు. బావలు నవాబుగారి దేవిడీ మహలు ఆవులను వేసవికి కొండకు తోలుకుపోయి అక్కడనే నిలిచిపోయారు. ఏడేండ్లకు ఇప్పుడు, పుట్టి బుద్ధెరిగిన తరువాత మొదటిసారి, బాపు ఊరు దాటి బిడ్డలను చూడ వచ్చాడు. వచ్చి, ఒక బిడ్డ పొయ్యి మంచిదనీ ఒక బిడ్డ పొయ్యి చెడ్డదనీ తీర్మానించి కూర్చున్నాడు.

కులం మాట నాకు తెలియక కాదు. కూతురికి బిడ్డ పుట్టేదాకా కన్నవాళ్ళు ఆ ఇంట మెతుకు ముట్టరు, నీళ్ళు తాగరు. పెద్దక్కకు సుగుణ ఉంది. నీకు పెండ్లయి తొమ్మిదేండ్లయినా లేదు. అందుచేత నీ చేతికి దోషం లేదు, పొయ్యికి ఉంది! ఇంతకన్న తెలివితక్కువ న్యాయం ఏ కచేరీలోనైనా చెబుతారా? ఆచారం పుట్టిననాడు ఎవరికో ఏదో మేలు చేసే ఉంటుంది. ఆ మేలు ఎప్పుడో చచ్చింది. మనము పీనుగును మోస్తున్నాము, అంతే.

కనుక నా మాట విను. రేపటి నుంచి పెద్దక్క పొయ్యి ముట్టకు. తినాలనుకునేవాళ్ళు గోడ దాటి వస్తారు. రాకపోతే పస్తుంటారు. ఆకలి మనకంటే బాగా వాదిస్తుంది.

నాంపల్లిలో రైలెక్కిస్తున్నప్పుడు బాపు నాకు చెప్పిన బుద్ధి ఇది: "బర్రెలు మాట వినయి, చెయ్యి వింటయి. జర కోపం తక్కువ జెయ్." పదకొండు బర్రెలను నా మీద వదిలి పోయినవాడు నా కోపాన్ని కూడా మూటలో కట్టుకుపోతే బాగుండేది.

కొండల్


కూనూరు
15 మే

తమ్మునికి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు బాపు ఆవుల దగ్గర ఉన్నాడు. చదవమన్నాడు. "బర్రెలన్నీ బాగున్నయట" అని చెప్పాను. బర్రెలు ఎట్లా ఉన్నవో నువ్వు ఒక్క ముక్క వ్రాయలేదు. ఈసారి వ్రాయి, నాకు ఒక అబద్ధం తగ్గుతుంది.

బాపు, అమ్మ బాగున్నారు. మేట్టుపాళయం దగ్గర ఎక్కే చిన్న బండికి కింద పండ్ల చక్రం ఉంటుంది. అది పట్టాను కొరుక్కుంటూ కొండ ఎక్కుతుంది. బాపు దాని సంగతి మూడు రోజులు మాట్లాడాడు. ఇక్కడి ఆవులను చూసి పెదవి విరిచాడు: "దొరసానుల లెక్కనే ఉన్నయి. కొమ్ములున్నయి గని వాటికి పని లేదు." అయినా తెల్లారకముందే లేచి పాలు పిండుతున్నాడు. అంజన్ వద్దంటే వినడు. చుట్టపుచూపుకు వచ్చినవాని చేతులు ఊరుకోవు.

అమ్మ చీర మీద అంజన్ పాత కోటు తొడుక్కుని తిరుగుతున్నది. రెండో రోజు పొద్దున తలుపు తీసేసరికి మంచు లోపలికి వచ్చింది. "మబ్బు ఇంట్లకొస్తుందే, తలుపెయ్" అని నా మీద కేక వేసింది. సర్కారు పూలతోట చూపించాము. అంతా తిరిగి, ఇన్ని పూలున్నయి గాని ఒక్కదానికీ వాసన లేదనీ, గుడిమల్కాపూర్ బంతిపూల ముందు ఇవి కాగితాలనీ తేల్చింది. తోటమాలికి తెలుగు రాకపోవడం మంచిదయింది.

ఇక నువ్వు అడిగిన సంగతి. అవును, నా పొయ్యి మీద మా ఇద్దరికీ వండిపడేసి, నాలుగు అడుగులు వేసి, అక్క పొయ్యి మీద వాళ్ళందరికీ వండుతాను. అందరూ అక్కడ కూర్చుని తింటారు. అక్క చెయ్యి మానుతున్నది. నేను పస్తులు పెట్టను. వానాకాలం దాకా ఉండేందుకు వచ్చిన వాళ్ళు కారు. వచ్చే నెల ఏడున బయలుదేరుతారు. నలభై రోజులు కూడా లేని సంబడానికి నన్ను పంచాయతీ పెట్టమంటావా?

నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఈ మాట నువ్వు నమ్మాలి. ఎందుకని అడగకు. అన్నీ కాగితం మీద పెట్టేవి కావు.

ఇంకొకటి. ఈ సంగతి మన గడప దాటనియ్యకు. లైబ్రరీలో నీ దోస్తులకు కూడా వద్దు.

ఆండాలు


గౌలిపురా
21 మే

చిన్నక్కా,

బర్రెలు బాగున్నవి. తెల్లమచ్చది మొన్న ఈనింది, దూడ ఆడది. ఇప్పుడు మిగిలినది విను.

నీ ఉత్తరం నిన్న చేరింది. పదిహేడు నాడే సంగతి గడప దాటింది. దాటించింది నేనే.

నయాపూల్ దగ్గరి ప్రెస్సువాడు కొత్వాలీ పోలీసులకు భయపడి అచ్చువేయనన్నాడు. అందుకని నా దోస్తు బాలనర్సింహ, నేను లైబ్రరీలో కూర్చుని చేత్తో పదకొండు కాగితాలు వ్రాసి, మైదాపిండితో గోడలకు అంటించాము. ఇదీ మాట: "గౌలిపురా వాసులారా! బీరయ్య తన కన్నకూతురు ఆండాలును గొడ్రాలని ఎంచి, కొండల మీద ఆమె ఇంట మంచినీళ్ళు కూడా ముట్టడం లేదు. ఇది ధర్మమా?"

జనం సిగ్గుపడతారనుకున్నాను. పాలు పోసి వచ్చే వేళకు కుల పెద్ద వైకుంఠం వాకిట్లో ఇరవై మంది కూడారు. చదువు రానివాళ్ళకు బాలనర్సింహ పైకి చదివాడు. "ఇది ధర్మమా?" అన్న దగ్గర ఆగాడు. వైకుంఠం పెదనాయన తుండుగుడ్డతో మొగం తుడుచుకుని, "ధర్మమే గద. ఇంకేంది?" అన్నాడు. అందరూ తలలూపారు. పోట్లాటకు సిద్ధపడి పోయినవాడిని, గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అక్కడితో ఆగినా బాగుండేది. పెదనాయన లేచి చెప్పాడు: "ఎవ్వరు జూడని కొండల మీద గూడ నీళ్ళు ముట్టలే బీరయ్య. గదీ మనిషంటే. ఈడ మన కండ్ల ముంగటనే ఒకడు మజ్జిగ తాగి మూతి తుడుసుకుంటుండు."

ఆ ఒకడు మన వెనుక గల్లీ ఎల్లయ్య. చైత్రంలో గడ్డి కోసం జల్‌పల్లి నడిచి పోయి, అక్కడ కూతురింట చెంబెడు మజ్జిగ తాగాడట. ఆమెకూ పిల్లలు లేరు. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు నా కాగితం వాళ్ళ చేతికి దొరికింది.

తీర్మానం ఇది. జూన్ పదకొండు, ఆదివారం పొద్దున, వైకుంఠం వాకిట్లో కులమంతా కూడుతుంది. ముందర బాపు తలకు పాగా చుట్టి, ఆయనను పెదనాయన పక్కన రెండో పెద్దగా కూర్చోబెడతారు. తరువాత ఎల్లయ్యకు కులం బంద్. నిప్పు లేదు, నీళ్ళు లేవు, కొడుకుకు కుదిరిన పెండ్లికి ఎవరూ పోరు. ఆ తీర్పు బాపు నోట చెప్పించాలట. మచ్చలేనివాడు కదా.

మనం పదిమంది కూడి పుస్తకం చదవాలంటే సర్కారు ఇజాజత్ కావాలి. ఒక మనిషిని బతికుండగానే వెలివేయడానికి ఏ ఇజాజతూ అక్కరలేదు. దీని మీద ఒక వ్యాసం వ్రాయగలను. వ్రాసి ఏం లాభం? పోయినసారి వ్రాసినదే వాళ్ళకు సాక్ష్యమయింది.

ఎల్లయ్య రోజూ మన కొట్టం ముందు నుంచే పోతాడు. నన్ను చూడడు. బాపుతో నువ్వే మాట్లాడు. పాగా వద్దనమను, తీర్పు చెప్పననమను. వింటాడని నాకు ఆశ లేదు. నువ్వు చదివి వినిపిస్తావో, బర్రెల సంగతే చెబుతావో నీ ఇష్టం.

కొండల్


కూనూరు
27 మే

కొండల్,

బర్రెల సంగతి చెప్పలేదు. మొత్తం చదివి వినిపించాను. బాపు, అమ్మ, అక్క ముగ్గురూ ఉన్నారు. కాని దానికి ముందు నేను దాచిన మాట ఒకటి ఉంది.

బాపు నా ఇంట తింటున్నాడు. వచ్చిన నాలుగో రోజు నుంచి, ప్రతి పొద్దున.

ఆనాడు పాలు పిండి, చేతులు కొంకర్లు పోయి, నా పొయ్యి దగ్గర కాచుకోవడానికి కూర్చున్నాడు. అవతల ఇంకా ఎవరూ లేవలేదు. నేను రొట్టె చేస్తున్నాను.

"పిండేడిది బిడ్డా?" అన్నాడు.

"నువ్వు తెచ్చిన జొన్నపిండే."

కాసేపు పెనం వంక చూశాడు. "ఒకటి పెట్టు."

"బాపూ, ఇది నా పొయ్యి."

"నాకు కండ్లు కనబడ్తయి. పెట్టు."

పెట్టాను. ఉల్లిగడ్డ, ఉప్పుకారం. రెండు తిన్నాడు. నీళ్ళు తాగాడు. తరువాత గొంతు తగ్గించి, అమ్మకు చెప్పవద్దన్నాడు. "అది భయపడ్తది. ఏదన్న కీడైతే నా మీదికి తెస్తది." చెప్పనన్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, బాపు అంజన్‌తో మేతకు పోయినప్పుడు, అమ్మ ఇటు వచ్చి గడప మీద కూర్చుంది. చాయ చేసుకుంటున్నావా అంది. చేసి ఇచ్చాను. ఊది ఊది తాగింది. గ్లాసు తానే కడిగి బోర్లించి, "మీ బాపుకు జెప్పకు. కులం అంటే ఆయనకు పానం" అంది. ఆమె కూడా ప్రతి రోజూ వస్తున్నది.

పొద్దుట ఒకరు, మధ్యాహ్నం ఒకరు. రాత్రికి ఇద్దరూ గోడ అవతల, నా తట్టు చూడకుండా, పెద్దమనుషుల్లా కూర్చుని తినేవారు. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదంటే నువ్వు ఎందుకు నమ్మలేదు? తొమ్మిదేండ్లలో ఇటువంటి నెల నాకు లేదు. దానిని ఎవరితోనూ పంచుకోదలచలేదు, నీతో కూడా.

నీ ఉత్తరం అయిపోయాక బాపు లేచాడు. పోయి ఆవులను చూసి వచ్చాడు. వచ్చి అడిగిన మొదటి మాట: "ఎల్లయ్య ఎంత తాగిండట?"

"చెంబెడట" అన్నాను.

"నేను ఇరువై నాలుగు దినాల సంది తింటున్న" అన్నాడు, అమ్మ ముందరే.

అమ్మ ఆయన మొగం చూసింది. ఆయన గోడ చూశాడు. "నేను గూడ చాయ తాగుతున్న" అంది అమ్మ. పెద్దక్కకు నవ్వు ఆగలేదు. సగం గోడ అవతల ఉండేది తాను. మొదటి నుంచీ ఆమెకు అన్నీ తెలుసు.

నవ్వు అంతవరకే. బాపు పంచాయతీలో లేచి ఉన్నది ఉన్నట్టు చెబుతానంటున్నాడు. నేను వద్దన్నాను.

ఎందుకో నీకు చెప్పాలి. మీ అందరికీ ఇది ఆచారం సంగతి, న్యాయం సంగతి. నువ్వు నా పేరు పక్కన ఒక మాట వ్రాశావు. ఈ తొమ్మిదేండ్లలో అత్త ఆ మాట అనలేదు. అంజన్ అనలేదు. కోపంలో పెద్దక్క కూడా అనలేదు. నా తరఫున పోట్లాడుతూ నువ్వు అన్నావు, అదీ సిరాతో, పదకొండు సార్లు. వ్రాసేముందు నన్ను అడగలేదు. బాపు నిజం చెబితే మళ్ళీ నా పేరు వస్తుంది, పేరు వెంట ఆ మాట వస్తుంది, దాని వెంట వైద్యాలు, మొక్కులు, అంజన్‌కు మారుమనువు. నలభై మంది మగవాళ్ళు మీసాలు దువ్వుకుంటూ నా కడుపు గురించి మాట్లాడతారు. నేను అక్కడ ఉండను, జవాబు చెప్పను.

ఎల్లయ్య సంగతి నాకు తెలియకపోలేదు. నేను ఊరుకోమంటే బాపు ఊరుకుంటాడు. అప్పుడు ఆ ఇల్లు మునుగుతుంది. రెండూ ముందర పెట్టుకుని చూస్తున్నాను. ఇంకా తేలలేదు. నువ్వు ఏ సలహా ఇవ్వకు.

ఆండాలు


గౌలిపురా
1 జూన్

చిన్నక్కా,

సలహా ఇవ్వను.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే కాగితాలు గీకివేశాను. తొమ్మిది పోయాయి. రెండింటిని వైకుంఠం పెదనాయన ముందే ఊడదీసి, సాక్ష్యమని తన పెట్టెలో దాచాడు. ఆ మాట వ్రాసిన చెయ్యి నాది. దానికి పుస్తకాలను తప్పుపట్టను. వాటిలో ఎక్కడా ఆడమనిషిని అడగకుండా ఆమె తరఫున మాట్లాడమని లేదు. అది నేను సొంతంగా చేసిన పని.

నిన్న పాలు పోసి జల్‌పల్లి నడిచి పోయాను. ఎల్లయ్య కూతురిని చూడాలనిపించింది. నీ ఈడుదే. చెరువు తట్టు గుడిసె, రెండు బర్రెలు. నేనెవరో చెప్పాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. తండ్రి మీద కులం బంద్ వస్తున్నదని ఆమెకు అప్పటికే తెలుసు.

"ఎండల నడిచొచ్చిండు మా బాపు. పెదవులు ఎండిపోయినయి. మజ్జిగ ఇయ్యకుంటే నేనేం బిడ్డను?" అంది. ఆయన వద్దన్నాడట. చెంబు నోటి దగ్గర పెట్టి తానే తాగించిందట. తప్పయితే తనది అనవలసింది పోయి తండ్రిని పట్టుకున్నారేమని అడిగింది.

కూనూరు సంగతి ఆమెకు చెప్పాను. నువ్వు ఎవరికీ చెప్పవద్దన్నది గుర్తుండే చెప్పాను. ఆమె ఎవరికీ చెప్పదు. విని చేతిలోని పేడ తట్ట కింద పెట్టింది. తరువాత అన్నది నీకు ఉన్నది ఉన్నట్టు వ్రాస్తున్నాను:

"మీ అక్క పేరొక్కటే అయితే బరువు. నా పేరు గూడ పక్కన పెట్టుమను. ఇద్దరం గలిసి కూసుంటే ఎవడేమంటడో జూద్దాం."

నా తరఫున ఏదీ అడగను. నువ్వు వద్దంటే బాపును ఆపు. పదకొండు నాడు ఎల్లయ్య పక్కన నేను కూర్చుంటాను. నాకు కూడా బంద్ అంటే అననీ. అయితే ఆయనకు నా వల్ల ఒరిగేది ఏమీ లేదని కూడా తెలుసు.

తెల్లమచ్చదాని దూడ పాలు బాగా తాగుతున్నది.

కొండల్


కూనూరు
5 జూన్

తమ్మునికి,

ఈ ఉత్తరం మాకంటే ముందు చేరాలి. మేము అంటే బాపు, అమ్మ, నేను. అంజన్ వెళ్ళమన్నాడు. అక్క చెయ్యి మానింది. ఆవులకు అన్నదమ్ములిద్దరూ చాలు.

జల్‌పల్లి ఆమె మాట రాత్రంతా నాతోనే ఉంది. నా గురించి మాట్లాడేటప్పుడు నేను అక్కడ ఉండాలి. ఇంతకు మించి నేను తేల్చినది ఏమీ లేదు. ఆ మాట అనదలచినవాళ్ళు నా మొగం చూసి అంటారు. అనలేకపోతే అది వాళ్ళ సంగతి.

నిన్న పగలు, అందరి ముందర, నా పొయ్యి దగ్గర ఏడుగురం కూర్చుని తిన్నాము. అమ్మకు ముద్ద దిగడానికి కొంచెం సేపు పట్టింది. దిగింది.

ఇక కింద ఉన్నది బాపు చెబుతుంటే వ్రాసినది. ఒక్క మాట మార్చలేదు. ఇది వైకుంఠం పెదనాయన వాకిట్లో పైకి చదువు.

"వైకుంఠం అన్నకు బీరయ్య రాంరాం.

నాకు పాగా జుట్టుతరట. మీ ప్రేమ మంచిగుంది. గని ఆ పాగా నాకొద్దు. ఎందుకంటే నేను నా బిడ్డ ఆండాలు ఇంట్ల దినాం తిన్న. రొట్టె తిన్న, అన్నం తిన్న, నీళ్ళు తాగిన. ఎవ్వరు బలిమి జెయ్యలే. ఆకలై తిన్న. నా కొడుకు రాసిన కాయితం అబద్ధం. వానికి తెల్వక రాసిండు. తెలిసిన నేను ఇన్నాళ్ళు దాచుకున్న, గది నా తప్పు. తిన్నది తప్పు గాదు.

ఎల్లయ్య ఒక చెంబు తాగిండు. బంద్ పెట్టాలంటే ముంగట నాకు పెట్టుండ్రి, ఎనక ఆయనకు. తీర్పు నా నోట చెప్పుమన్నరు గద, చెప్తున్న. బిడ్డ ఇచ్చిన నీళ్ళు తాగినోడు ఎవ్వడు తప్పు జెయ్యలే. ఇంక ఎవరెవరు దొంగతనంగ తాగిండ్రో వాళ్ళకే ఎరుక. నా లెక్క భయపడి గోడ చాటుకు కూసోకుండ్రి.

పంచాయతీ నీ వాకిట్ల గాదు అన్నా, మా కొట్టం ముంగట. ఈసారి ఆడోళ్ళు గూడ రావాలె. జల్‌పల్లి కెల్లి ఎల్లయ్య బిడ్డను నా కొడుకుతోని పిలువనంపుతున్న. ఆమె, నా బిడ్డ ఒక్క చాపల కూసుంటరు. వాళ్ళ పక్కన నేను, ఎల్లయ్య. అనేది ఉన్నోళ్ళు ఎదురుంగ కూసోని అనుండ్రి.

ఆదివారం, పాలు పోసొచ్చినంక, పొద్దున ఎనిమిది గంటలకు. కులమంత రాండ్రి."